అందరికీ మిలిటరీ తప్పనిసరి చేస్తే కుర్రాళ్లు బాగుపడతారా? ఒక ఖోఖా సంగతి చెబుతా

ప్రశ్న: దక్షిణ కొరియా, ఇజ్రాయెల్‌లో లాగా మన దగ్గర కూడా 18 ఏళ్లు నిండిన కుర్రాళ్లందర్నీ కొన్నాళ్లు మిలిటరీలో వేస్తే క్రమశిక్షణ, స్నేహాలు అలవడతాయా? అక్కడ రోజులు ఎలా గడుస్తాయి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

వద్దు బాబూ, ఆ పని మాత్రం చేయకండి. ముందు నా సమాధానం ఇది. ఎందుకో చెప్పడానికి కాస్త సమయం పడుతుంది.

మాది గుంటూరు. నాన్న మిర్చి యార్డులో కాటా గుమాస్తా. 2003లో చేరాను, 17 ఏళ్లు చేసి హవల్దారుగా ఇంటికొచ్చాను. మన దేశంలో ఎవర్నీ బలవంతంగా మిలిటరీలోకి లాక్కెళ్లరు. వెళ్లినవాళ్లంతా వాళ్లంతట వాళ్లు వెళ్లినవాళ్లే. నేనూ బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో తెల్లవారుజామున 4 గంటలకు పరిగెత్తి పరిగెత్తి, 1.6 కిలోమీటర్ల పరుగు, 10 పుల్-అప్స్, 9 అడుగుల గొయ్యి దూకడం, అన్నీ దాటుకుని వెళ్లినవాణ్నే. అప్పట్లో "యాభై వేలిస్తే సెలెక్షన్ ఖాయం" అని చుట్టూ తిరిగే బ్రోకర్లు ఉండేవాళ్లు. ఇప్పుడూ ఉన్నారు, రేటు పెరిగిందంతే. వాళ్లకిచ్చే డబ్బుతో పిల్లాడికి ఏడాదిపాటు రోజూ రెండు గుడ్లు పెట్టండి, వాడే సెలెక్టవుతాడు.

ట్రైనింగ్ సెంటర్ పేరు చెప్పను. మహారాష్ట్రలో ఉంది, మన్మాడ్ మీదుగా వెళ్లాలి. అక్కడ మనల్ని రంగ్రూట్ అంటారు, నేర్పేవాణ్ని ఉస్తాద్ అంటారు. పొద్దున చీకట్లో లేచి గడ్డం గీసుకోవడం, పీటీ, లంగర్‌లో (అంటే మెస్సులో) మగ్గులో టీ, డ్రిల్లు, క్లాసులు, సాయంత్రం ఆటలు, రోల్ కాల్, ఆ తర్వాత బూట్ల పాలిష్. రోజూ ఇదే. దీని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. నిద్ర చాలదు, ఆకలి తీరదు, పప్పులో కారం ఉండదు. గుంటూరోడికి ఆ మూడోదే అసలు కష్టం. హిందీ అంటారా, స్కూల్లో గట్టెక్కినంత వచ్చు. ఉస్తాద్ "దాయే ముడ్" అన్నప్పుడు పక్కవాడు ఎటు తిరిగాడో చూసి అటు తిరిగేవాణ్ని.

ఆ పక్కవాడు బెజవాడోడు. కృష్ణలంక. మా ప్లాటూన్‌లో తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే. మా రెండు ఊళ్ల మధ్య ఉన్నది గట్టిగా 35 కిలోమీటర్లు. అక్కడి వాళ్లకు మాత్రం మేమిద్దరం మద్రాసీలం, ఒకే ఇంటోళ్లం అన్నట్టు చూసేవాళ్లు. మొదటి నెలంతా మేం కొట్టుకున్నాం. కృష్ణ నీళ్లు తాగినోడికే బుర్ర ఉంటుందంటాడు వాడు. ఆ నీళ్లే కాలవల్లో మా దాకా వస్తాయిరా అంటాను నేను.

ఇక చాంద్‌మారీ రోజు సంగతి. చాంద్‌మారీ అంటే ఫైరింగ్ రేంజి. జీవితంలో మొదటిసారి నిజం తూటా పేల్చే రోజు. ఇన్సాస్ రైఫిల్, 5.56 మిల్లీమీటర్ల తూటా, మనిషికి ఐదు. పేలిన ప్రతి తూటాకీ ఒక ఇత్తడి గొట్టం బయటికి ఎగురుతుంది. దాన్నే ఖోఖా అంటారు. ఐదు పేలిస్తే ఐదు ఖోఖాలు ఏరి లెక్క అప్పజెప్పాలి. సినిమాల్లో హీరో కాల్చుకుంటూ పోతుంటాడు, ఖోఖాలు ఎవడు ఏరతాడని నాకు ఇప్పటికీ చిరాకే. అక్కడ ఒక్కటి తగ్గినా మొత్తం ప్లాటూన్ ఇంటికి వెళ్లదు.

నా ఎడమ పక్క లైన్లో బెజవాడోడు బోర్లా పడుకుని ఉన్నాడు. రైఫిల్ ఖోఖాని కుడివైపుకి విసురుతుంది. వాడి రెండో తూటాకో మూడో తూటాకో నా మెడ వెనక చురుక్కుమంది. గండుచీమ అనుకున్నాను. కదిలితే తాట తీస్తానని ఉస్తాద్ ముందే చెప్పి ఉన్నాడు కాబట్టి పళ్లు బిగించి నా ఐదూ పేల్చేశాను. ఫైరింగ్ అయ్యాక లెక్క చూస్తే బెజవాడోడి దగ్గర నాలుగే ఉన్నాయి.

జేబులు తడిమారు, పౌచ్‌లు దులిపించారు, బూట్లు విప్పించారు. దొరకలేదు. నలభై మందిమి వరసగా మోకాళ్ల మీద కూర్చుని గడ్డి పరక పరకా పక్కకు తీస్తూ వెతికాం. లంగర్ నుంచి పూరీలు వచ్చాయి, చల్లారిపోయాయి, వెనక్కి వెళ్లిపోయాయి. పొద్దుగూకాక బండి లైట్లు వేసి మరీ వెతికించారు. బ్యారక్‌కి తిరిగొచ్చాక రగడా, అంటే ఒళ్లు హూనం చేసే శిక్ష, మొదలైంది. ఫ్రంట్ రోల్స్, కప్పగంతులు, మళ్లీ ఫ్రంట్ రోల్స్. దొర్లినప్పుడల్లా నా నడుం దగ్గర ఏదో గుచ్చుకుంటూనే ఉంది. ఒళ్లంతా పచ్చి పుండయినప్పుడు అదొక్కటీ ఎవడు పట్టించుకుంటాడు?

రాత్రి పదింటికి లైట్లు ఆర్పేశారు. మంచం పక్కన నిలబడి బెల్టు తీసి, చొక్కా లాగి, బనీను పైకి ఎత్తాను. సిమెంటు గచ్చు మీద టింగుమంది.

ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. నలభై తలలు లేచాయి. మెడ దగ్గర కాల్చి, బనీనులోకి జారి, బెల్టు దగ్గర ఆగిపోయిందన్నమాట. పొద్దున్నుంచీ ఊరంతా వెతుకుతున్నదాన్ని నేనే నడుముకి కట్టుకుని, నలుగురితో కలిసి మోకాళ్ల మీద వెతికాను. నా తెలివి అలాంటిది.

ఈ రాత్రికి కంబళి కప్పి కుమ్ముతారని డిసైడైపోయాను. బెజవాడోడు మంచం దిగి ఖోఖా తీసుకుని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఒరేయ్ గుంటూరోడా, మొలతాడులో తాయెత్తు కట్టుకున్నావేంట్రా?" అన్నాడు. వాడు అన్నది తెలుగులో. ఒక్కడికీ అర్థం కాలేదు. అయినా మూలనున్న బీహార్ కుర్రాడు కిసుక్కుమన్నాడు. ఇక చూడండి, పెదాలు పగిలి, మోచేతులు చెక్కుకుపోయి ఉన్న నలభై మంది దిండ్లలో మొహాలు దాచుకుని నవ్వడం. ఉస్తాద్ వచ్చేశాడు.

"ఎక్కడ దొరికింది?"

"నా బూటులో, ఉస్తాద్" అన్నాడు బెజవాడోడు.

ఆ బూట్లు రేంజిలోనే విప్పించి చూసింది ఉస్తాదే. ఆయన హర్యానా మనిషి, ఆరడుగులు, తెలివితక్కువవాడేం కాదు. వాణ్ని చూశాడు, బనీను పైకెత్తుకుని నిలబడ్డ నన్ను చూశాడు, టార్చి నా మెడ మీద వేశాడు. ఏమీ అడగలేదు. లైట్లు ఆర్పాక నవ్వినందుకు అందరికీ ఇంకో పాతిక ఫ్రంట్ రోల్స్ ఇచ్చి ఖోఖా పట్టుకుపోయాడు. మర్నాడు నన్ను ఎం.ఐ. రూమ్‌కి, అంటే అక్కడి దవాఖానాకి, పంపి మెడకి మందు పూయించాడు. అది ఆరకముందే మా ఇద్దరి వీపుల మీదా ఇసుక మూటలు పెట్టి గ్రౌండు చుట్టూ తిప్పించాడు. ఎన్ని రౌండ్లో లెక్క మర్చిపోయాను.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. బలవంతంగా తెచ్చిన కుర్రాడైతే ఆ రాత్రి "నా బూటులో" అనడు. నేను వందల మంది రంగ్రూట్లను చూశాను, రాసిస్తాను. వాడు క్యాలెండర్ గళ్లు కొట్టుకుంటూ కూర్చుంటాడు. కొరియాలో ఆర్మీకి వెళ్లినవాడికి 18 నెలలు. నెత్తిన శత్రువున్న చిన్న దేశం, వాళ్లకి అవసరం. ఇక్కడ ఆర్మీ భర్తీ ర్యాలీకి వచ్చినవాళ్లనే సగానికి పైగా ఇంటికి పంపుతుంటే అందర్నీ తెచ్చి ఏం చేస్తారు? అగ్నిపథ్ అనే కొత్త భర్తీ పద్ధతి వచ్చాక జవాను సర్వీసు కూడా నాలుగేళ్లకి కుదించారు. 2022లో పెట్టారు. నాలుగేళ్లయ్యాక ఉంచుకునేది నూటికి పాతిక మందిని. ఆ పాతిక కోసం ఒకే బ్యారక్‌లో పోటీ పడేవాళ్లు ఒకడి ఖోఖా ఇంకొకడు నెత్తినేసుకుంటారా? నాకు అనుమానమే.

పైగా అందరికీ సర్వీసు తప్పనిసరి చేయాలని గట్టిగా అనేవాళ్లంతా నా ఈడు దాటినవాళ్లే. మా బంధువుల్లోనే ఉన్నారు. సెలవుకి వస్తే సరిహద్దులో ఎలా ఉందిరా అని అడిగినవాడు ఒక్కడు లేడు. "బాబాయ్, క్యాంటీన్ కోటా బాటిల్ తెచ్చావా?" అదే మొదటి మాట. వాళ్ల పిల్లలు మాత్రం అమెరికా వెళ్లాలి. మిలిటరీ వాడికి పిల్లనివ్వమని మొహం మీదే చెప్పిన ఇల్లు బ్రాడీపేటలో ఇప్పటికీ ఉంది. ఆ రోడ్డున వెళ్లినప్పుడల్లా చూస్తాను.

బెజవాడోడు నాకంటే ముందే బయటికొచ్చి ఇప్పుడు బెజవాడలోనే ఒక బ్యాంకులో గార్డు. డబుల్ బ్యారెల్ తుపాకీ. ప్రాక్టీసు ఫైరింగ్‌కి వాళ్లనీ తీసుకెళ్తారు. మొన్న వెళ్లొచ్చిన సాయంత్రం ఫోన్ చేశాడు. హలో లేదు, ఎలా ఉన్నావు లేదు.

"ఒరేయ్, ఇక్కడ ఒకటి తగ్గింది. నీ బనీనులో చూడు."