మంచి బొమ్మకూ, అమ్ముడుపోయే బొమ్మకూ మధ్య ఏముంది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. బి.ఎఫ్.ఏ. (చిత్రకళలో డిగ్రీ) చేస్తానంటోంది. మా ఊళ్లో చేయి తిరిగిన చిత్రకారులు సైన్‌బోర్డులు రాసుకుని బతుకుతున్నారు. కొందరి బొమ్మలేమో జనం వెతుక్కుని మరీ కొంటారు. తేడా ఎక్కడుంది? నమ్మి పంపొచ్చా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పంపొచ్చు. కానీ ఆ తేడా ఏమిటో మీరూ, అమ్మాయీ ముందే తెలుసుకుంటే మంచిది.

రవివర్మనే తీసుకోండి. సంస్థానాల కోసం ఆయన వేసిన తైలవర్ణ చిత్రాలు మామూలు జనం కంటపడేవి కావు. 1894లో బొంబాయిలో లితో ప్రెస్, అంటే రాతిపలకల మీద బొమ్మ గీసి అచ్చువేసే ముద్రణాలయం, పెట్టాక పరిస్థితి మారింది. ఒక్కో రంగుకు ఒక్కో రాయి సిద్ధం చేసి, ఒకదాని మీద ఒకటి అచ్చు వేస్తే తైలచిత్రంలాంటి పటం వచ్చేది. లక్ష్మి, సరస్వతి ఆ పటాలతోనే సామాన్యుల గోడలెక్కారు. ఆయన నైపుణ్యం అంతకుముందూ ఉన్నదే. కొత్తగా కలిసింది మామూలు కుటుంబం పెట్టగలిగిన ధర. పైగా ఆ ఇంట్లో అప్పటికే పూజలందుకుంటున్న దేవతకు మన ఆడపడుచులా చీర కట్టి ఎదురుగా నిలబెట్టారు. ఆ బొమ్మను ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

తర్వాత జరిగింది మాత్రం మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. అంత ఆదరణ ఉన్నా ప్రెస్ నష్టాల్లో పడింది. కొన్నేళ్లకే దాన్ని ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ సాంకేతిక నిపుణుడికి అమ్మేశారు. 1906లో రవివర్మ కన్నుమూశాక కూడా ఆ పటాలు ఏళ్ల తరబడి అమ్ముడుపోతూనే ఉన్నాయి. జనాదరణ ఒకటి, రాబడి ఇంకొకటి.

తెలుగునాట బొమ్మను ఇంటికి చేర్చే పని పత్రికలు చేశాయి. వడ్డాది పాపయ్య బొమ్మ చూడటానికి గ్యాలరీకి వెళ్లాల్సిన పని లేకపోయింది. చందమామ, యువ ముఖచిత్రాలుగా అదే ఇంటికొచ్చింది. చూసి చూసి, సంతకం వెతక్కుండానే ‘వపా బొమ్మ’ అనేవారు. బాపు గీత సరే, ఆయన చేతిరాత కూడా శుభలేఖల్లోకి ఎక్కింది.

తోట వైకుంఠం దారి వేరు. బరోడాలో ప్రసిద్ధ చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకుని వచ్చి, కరీంనగర్ పల్లెల్లో తాను చూస్తూ పెరిగిన ఆడవాళ్లను కాన్వాసు మీదికి తెచ్చారు. పెద్ద బొట్టు, ముదురు రంగు చీరలు. ఎప్పుడూ అవే వేస్తారనే వాళ్లున్నారు. నాకైతే అదే ఆయన బలం. మెచ్చినదాన్ని వదలకుండా దశాబ్దాలు వేశారు కాబట్టే, చిత్రకళ గురించి ఏమీ తెలియనివాళ్లు కూడా ఆ బొమ్మ ఎవరిదో చెప్పగలుగుతున్నారు. మీ ఊరి చిత్రకారుల్లో లోపం వాళ్ల చేతిలో లేదు. వాళ్ల బొమ్మను ఇంటింటికీ మోసుకెళ్లే సాధనం వాళ్లకు దొరకలేదు, అంతే.

ఇక చదువు. హైదరాబాద్‌లో జె.ఎన్.ఎ.ఎఫ్.ఎ.యు. (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉంది, ఎంట్రన్స్ ఉంటుంది. బి.ఎఫ్.ఏ.లో పెయింటింగ్, అప్లయిడ్ ఆర్ట్ వేర్వేరు శాఖలు. డిగ్రీ కాగానే జీతం అవసరమైతే నా ఓటు అప్లయిడ్ ఆర్ట్‌కే. అచ్చు, అక్షరాలు, ప్రకటనలు, పుస్తకాల పని అందులో చేతికొస్తుంది. పెయింటింగ్ తీసుకుంటే, పేరు వచ్చేదాకా కొన్నేళ్లు మీరు వెనక నిలబడాలి. ఆ మాట ఇప్పుడే ఇవ్వగలరో లేదో చూసుకోండి.

ఇంకొకటి కాలేజీలో చేరకముందే నేర్పండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న పెయింటింగ్ మీద, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ వేయించుకున్నవాళ్లదే అవుతుంది. కాబట్టి మొదటి ఆర్డర్ నుంచే, ప్రింట్లు వేసుకునే హక్కు తనదేనని కాగితం మీద రాయించుకోవాలి.

పరీక్షలయ్యాక తన బొమ్మల్లో నాలుగైదింటికి చిన్న ప్రింట్లు తీయించి, ధర వేసి, తెలియనివాళ్లకు అమ్మమనండి. చుట్టాలకు వద్దు, వాళ్లు మొహమాటానికి కొంటారు. ఎవరు ఏది తీసుకున్నారో, ఎందుకు తీసుకున్నారో ఓ నోటుబుక్కులో రాసుకోమనండి.