ఇల్లు కురుస్తున్న రాత్రి: పేదింటి కవితను ఎలా చదవాలి?

పేదరికం, గాలివానకు చెదిరిపోయే ఇళ్లు, అయినా బతుకు సాగించే మనుషులు. ఈ వస్తువు మీద రాసిన కవితను విశ్లేషించమంటే "ఇల్లు జీవితానికి ప్రతీక, తుఫాను కష్టాలకు ప్రతీక, మనిషి ఆశ వదులుకోడు" అని మూడు ముక్కలు రాశాక ఇంకేం రాయాలో తోచలేదని అడిగారు. అదే చోట నేనూ చాలా ఏళ్లు ఆగిపోయాను. ఎలా బయటపడ్డానో చెబుతాను, మీకు పనికొస్తుందేమో చూడండి.

నేను పూరింట్లో పెరిగాను. వానలు పడకముందే కప్పు నేయించాలి. చేతిలో డబ్బు లేని ఏడాది మాత్రం కుళ్లిన చోట కొత్త గడ్డి దోపి సరిపెట్టేవాళ్లు. అలాంటి ఏడాది రాత్రిపూట వాన మొదలైతే అమ్మ చీకట్లోనే లేచి పక్కలన్నీ చేత్తో తడిమేది. తడి తగిలిన చోట గిన్నె పెట్టి, మమ్మల్ని అవతలికి జరిపేది. కాసేపటికి అక్కడా చుక్క పడేది. దీన్ని మనం ఇల్లు కురవడం అంటాం కదా, ఎంత నిజమైన మాటో! బయట వాన వెలిశాక కూడా లోపల ఇల్లు కురుస్తూనే ఉంటుంది.

ఇదంతా తెలిసిన నేను, కాలేజీలో ఇలాంటి కవిత మీద వ్యాసం రాయమంటే మీరు రాసిందే రాశాను. గిన్నె గురించి, తడిసిన పక్కల గురించి రాయొచ్చని తట్టనే లేదు. అవి సాహిత్యం కాదనుకున్నాను.

ఆ అలవాటు మాన్పించింది చైనా కవి దు ఫూ (712-770) రాసిన ఒక కవిత. 755లో ఆన్ లూషాన్ అనే సేనాని చక్రవర్తి మీద లేపిన తిరుగుబాటు చైనాను 763 దాకా కుదిపేసింది. ఆ అల్లకల్లోలంలో పెళ్లాం బిడ్డలను వెంటబెట్టుకుని తిరిగి తిరిగి, 759 చివర్లో దు ఫూ నైరుతి చైనాలోని చెంగ్దూ నగరం చేరాడు. మరుసటి ఏడాది తెలిసినవాళ్ల సాయంతో ఒక వాగు ఒడ్డున గడ్డి ఇల్లు వేసుకున్నాడు. 761 శరత్కాలంలో పెనుగాలి ఆ ఇంటి కప్పును లేపేసింది. కవిత దాని గురించే.

మొదట్లో గాలి మూడు పొరల గడ్డిని చుట్టబెట్టి ఎగరేసుకుపోతుంది. అది వాగు దాటి అవతల పడుతుంది. కొంత ఎత్తైన చెట్ల కొమ్మలకు చిక్కుకుంటుంది, కొంత పల్లంలో నిలిచిన నీళ్లలో మునుగుతుంది. పక్క ఊరి పిల్లలు వచ్చి, ముసలివాడు ఏం చేయగలడన్న ధైర్యంతో, ఆయన కళ్లెదుటే గడ్డి చంకన పెట్టుకుని వెదురు తోపులోకి పోతారు. కవి నోరెండిపోయేదాకా అరిచి, చేతికర్ర మీద ఆనుకుని వెనక్కి వచ్చి నిట్టూరుస్తాడు.

గుప్పెడు గడ్డి కోసం ఒక పెద్ద కవి పిల్లల మీద అంతగా అరవడమేమిటని మొదటిసారి చదివినప్పుడు చిన్నతనంగా అనిపించింది. తర్వాత మా ఇల్లు గుర్తుకు తెచ్చుకుని చూశాను. కొమ్మల్లో చిక్కిన గడ్డిని ముసలివాడు ఎక్కి తీసుకోలేడు. నీళ్లలో మునిగింది నాని పాడవుతుంది. మళ్లీ కప్పుకి పనికొచ్చేది నేల మీద పొడిగా పడినదొక్కటే. పిల్లలు పట్టుకుపోయింది దాన్నే. కవి ఎక్కడా "నేను పేదవాణ్ణి" అని చెప్పుకోలేదు. ఏ గడ్డి ఎటు పోయిందో లెక్క చెప్పాడు. ఆ లెక్కలోనే పేదరికం ఉంది. ఇది పట్టుకున్న రోజు నాకు నిద్ర పట్టలేదు.

శబ్దం గురించి కూడా ఒక మాట. నేను చదివింది అనువాదమే, కానీ మూలంలో మొదటి ఐదు పాదాలూ హావ్, మావ్, జియావ్, షావ్, ఆవ్ అనే ఒకే ప్రాసతో ముగుస్తాయని తెలిశాక పైకి పలికి చూశాను. గాలి హోరు వినిపిస్తుంది. మీ కవితనూ ఒకసారి గట్టిగా చదవండి, ఊపిరి ఎక్కడ ఆగుతోందో గమనించండి.

ఆ పిల్లల దగ్గర మాత్రం ఇంకాస్త నిలబడాలి. కవి వాళ్లను దొంగలన్నాడు. గువో మోరువో అనే చైనా రచయిత 1971లో దు ఫూని గట్టిగా తప్పుపట్టాడు. మూడు పొరల గడ్డి కప్పున్నవాడు నిజమైన పేదవాడా? పేద పిల్లలను దొంగలనొచ్చా? కవిత చివర్లో కోరిన ఇళ్లయినా చదువుకున్న పేదల కోసమే కదా? ఇవీ ఆయన ప్రశ్నలు. మొదటిదాన్ని నేను ఒప్పుకోను. కప్పు ఎన్ని పొరలున్నా, ఎగిరిపోయాక ఆ రాత్రి అందరూ తడవాల్సిందే. మిగిలిన రెండూ నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వవు. గాలి ఆయన ఒక్కడి ఇంటి మీదే వీచి ఉండదు. ఆ పిల్లలు గడ్డిని ఏ ఇంటికి మోసుకెళ్లారు, ఎందుకు మోసుకెళ్లారు అన్నది కవిత చెప్పదు. యుద్ధం నడుస్తున్న దేశంలో ఆ పిల్లల ఇళ్లు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయా? కవి కంటికి ఆనని మనిషిని కూడా కవితలో వెతకడం విశ్లేషణలో పెద్ద పని. దానివల్ల కవి మీద గౌరవం తగ్గదు, నాకైతే తగ్గలేదు.

గాలి ఆగాక మబ్బులు సిరాలా నల్లబడి వాన అందుకుంటుంది, గోరుచుట్టు మీద రోకటిపోటులా. ఏళ్లనాటి దుప్పటి ఇనుములా చల్లగా ఉంటుంది. పసివాడు నిద్రలో కాళ్లు తాటించి దాన్ని చింపేశాడు. మంచం దగ్గర పొడి చోటు లేదు. తిరుగుబాటు మొదలైనప్పటి నుంచీ సరిగ్గా నిద్రలేదు, ఇలా తడుస్తూ తెల్లవారేదెలా అంటాడు కవి. ఇదే దు ఫూ 755లో ఇల్లు చేరేసరికి చిన్న కొడుకు ఆకలితో చనిపోయి ఉన్నాడు. అది ఇంకో కవితలో ఆయనే చెప్పుకున్నాడు. అది తెలిశాక, దుప్పటి చింపిన పిల్లవాడి గురించి ఒక్క కసురు మాట కూడా లేకపోవడం గమనించాను. పైగా గారాల బిడ్డ అన్నాడు.

ఇక చివరి పాదాలు. వేలూ లక్షలూ గదులున్న పెద్ద ఇళ్లు ఎలా దొరుకుతాయి, లోకంలోని పేద పండితులంతా వాటి కింద నవ్వుమొహాలతో ఉండేలా, గాలివానకి కొండలా కదలకుండా? అలాంటి ఇల్లు నా కళ్ల ముందు లేస్తే, నా గుడిసె ఒక్కటీ కూలి నేను చలికి చచ్చిపోయినా చాలు, అంటాడు. అప్పటిదాకా ఎక్కువగా ఏడేడు అక్షరాలతో నడిచిన పాదాలు ఇక్కడ తొమ్మిదికి సాగుతాయి. కవిత కూడా ఒక్కసారిగా పెద్ద ఇల్లయినట్టు ఉంటుంది.

మీరు మూడో ముక్కగా రాసిన "మనిషి ఆశ వదులుకోడు" దగ్గర దీన్ని పెట్టి చూడండి. కప్పు బాగుపడలేదు, తెల్లవారలేదు, దుప్పటి చినిగే ఉంది. ఆయన ధైర్యం కావాలని అడగలేదు, ఓర్పు ఇమ్మని అడగలేదు. కదలని ఇల్లు అడిగాడు, అదీ ముందు ఇతరులకి. ఒళ్లు తడుస్తుండగానే ఆలోచన తన ఇంటి గోడ దాటి వెళ్లడమే అక్కడ నిలదొక్కుకోవడం. "పేదవాళ్లు దేన్నయినా తట్టుకుంటారు" అని మాత్రం దయచేసి రాయకండి. తట్టుకోలేకపోయినవాళ్లు ఉన్నారు. పైగా ఆ వాక్యం చదివినవాళ్లకి, అయితే ఇళ్లెందుకులే అనిపించే ప్రమాదం ఉంది.

మీ కవితలో ముందు ఇంటిని ఇల్లుగానే చూడండి. కప్పు దేనిది, గోడ దేనిది, మొదట ఏది పోయింది, పోయినదాన్ని ఎవరు ఏరుకుంటున్నారు, ఆ రాత్రి ఎవరు ఎక్కడ పడుకున్నారు. కవి లోపల ఉండి మాట్లాడుతున్నాడా, రోడ్డు మీద నిలబడి చూస్తున్నాడా? క్రియలన్నీ ఒక కాగితం మీద రాసుకుంటే, మనిషి చేసిన పనులెన్నో, మనిషికి జరిగినవెన్నో తేలిపోతుంది. ప్రతీక అనే మాట వీటి తర్వాత వస్తే రానివ్వండి. టెన్షన్ పడి పెద్ద పెద్ద మాటల కోసం వెతక్కండి. ఈ లెక్క రాసేసరికే రెండు పేజీలు అవుతుంది.

వీలైతే ఆ కవిత ఇక్కడ పెట్టండి. కప్పు ఎగిరిపోయే చోటు నుంచి మొదలుపెట్టి కలిసి చదువుదాం.