చైనా మాటను ఉత్తర కొరియా ఎందుకు వినదు?

ప్రశ్న: ఉత్తర కొరియా విదేశీ వాణిజ్యంలో 90 శాతానికి పైగా చైనాతోనే సాగుతుందని చదివాను. అంతగా ఆధారపడిన దేశం అణ్వాయుధాల విషయంలో చైనా మాటను ఎలా పెడచెవిన పెట్టగలుగుతోంది? ఈ రెండు దేశాల రాజకీయాలనూ కలిపి పరిశోధించేవారు దేన్ని బట్టి అంచనాకు వస్తారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వాణిజ్యం ఎంత ఉంటే పలుకుబడి అంత ఉంటుందనుకోవడం దగ్గరే చాలామంది పొరబడుతున్నారు. ఉత్తర కొరియా కుప్పకూలితే సరిహద్దులోని యాలూ నది దాటి శరణార్థులు దాన్‌దుంగ్ వంటి చైనా నగరాలకు వచ్చిపడతారనీ, అమెరికా సేనలకు చోటిచ్చిన దక్షిణ కొరియా చైనా సరిహద్దు దాకా విస్తరిస్తుందనీ బీజింగ్‌కు భయం. ఆ భయం సంగతి ప్యాంగ్యాంగ్‌కు, అంటే ఉత్తర కొరియా ప్రభుత్వానికి, బాగా తెలుసు. కాబట్టి తాడు చైనా చేతిలోనే ఉన్నా, తెగేదాకా లాగే ధైర్యం దానికి లేదు.

1950 అక్టోబరులో చైనా కొరియా యుద్ధంలోకి సైన్యాన్ని పంపింది. మావో పెద్దకొడుకు ఆ యుద్ధంలోనే మరణించాడు. ఒకరిపై దాడి జరిగితే మరొకరు సైనిక సాయం చేయాలన్న ఒప్పందం 1961 జూలై 11న కుదిరి, 2021లో మళ్లీ పొడిగింపు పొందింది. అయినా 1992 ఆగస్టులో చైనా దక్షిణ కొరియాతో దౌత్య సంబంధాలు పెట్టుకోవడాన్ని ప్యాంగ్యాంగ్ ద్రోహంగానే భావించింది.

ఇక పరిశోధకుల పని చాలావరకు మాటల తూకం చూడటమే. 2006 అక్టోబరు 9న ఉత్తర కొరియా మొదటి అణు పరీక్ష జరిపినప్పుడు చైనా విదేశాంగ శాఖ తన ప్రకటనలో ‘హన్‌రాన్’ అన్న మాట వాడింది. ఎవరినీ లెక్కచేయక తెగించడమని దాని అర్థం. శత్రువుల మీద ప్రయోగించే అంత కటువైన మాటను మిత్రదేశం మీద వాడటం చూసి, భద్రతా మండలిలో చైనా ఆంక్షలకు ఓటు వేయకముందే దాని ఆగ్రహాన్ని నిపుణులు గ్రహించగలిగారు.

పరిశోధకులకు చైనా, కొరియన్ భాషలు రెండూ ఎందుకు రావాలో 2018 మార్చి నాటి ఉదాహరణ ఇంకా బాగా చెబుతుంది. కిమ్ జోంగ్ ఉన్ తొలిసారి బీజింగ్ వెళ్లినప్పుడు అణ్వాయుధ రహిత కొరియాకు ఆయన కట్టుబడ్డాడని చైనా ప్రకటించగా, ఉత్తర కొరియా వార్తా సంస్థ కథనంలో ఆ ఊసే లేదు. ఒక్క పక్షాన్నే చదివినవారికి సగమే తెలిసింది. 2025 సెప్టెంబరులో కిమ్ సైనిక కవాతుకు మళ్లీ బీజింగ్ వచ్చి షీ జిన్‌పింగ్‌ను కలిసినప్పుడైతే చైనా ప్రకటనలోనూ అణ్వాయుధాల తొలగింపు ప్రస్తావన కనిపించలేదు. ఆ కవాతు వేదిక మీది ఛాయాచిత్రాల కన్నా ఈ మౌనమే పెద్ద వార్త అని నా అభిప్రాయం. 2024 జూన్‌లో రష్యాతో ఒప్పందం చేసుకుని ప్యాంగ్యాంగ్ మరో తలుపు తెరుచుకున్నాక, చైనా పట్టు ఇంకొంత సడలింది.

ప్రశ్న: కొరియా కార్ల కర్మాగారం దగ్గరలోనే ఉండటంతో నేను కొరియన్ భాష నేర్చుకుంటున్నాను. ఈ పరిశోధనకు అది ఉపయోగపడుతుందా?
– ఒక విద్యార్థి, పెనుకొండ

జవాబు: తప్పక ఉపయోగపడుతుంది. కొరియన్ లిపి కొద్ది రోజుల్లోనే పట్టుబడుతుంది గాని, సియోల్ వాడుకకూ ప్యాంగ్యాంగ్ అధికార పత్రిక ‘రొదొంగ్ సిన్‌మున్’ భాషకూ తేడా ఎక్కువ కాబట్టి ఆ పత్రికను మొదటినుంచీ చదువుతూ ఉండండి. కొరియన్‌లో చైనా మూలం నుంచి వచ్చిన పదాలు విస్తారంగా ఉన్నందువల్ల తర్వాత చైనా భాష నేర్చుకోవడం కొంత తేలికవుతుంది. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో ఈ రెండు భాషలకూ డిగ్రీ స్థాయి నుంచే కోర్సులున్నాయి.