కిరండూల్ రైలు ఎక్కవచ్చా? (ప్రయాణికుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: మా అల్లుడికి ఛత్తీస్‌గఢ్‌లోని బచేలీలో, ఇనుప ఖనిజం తవ్వే ఎన్‌ఎండీసీలో ఉద్యోగం. జులై ఆఖరి వారంలో మనవడి పుట్టినరోజుకు విశాఖ నుంచి కిరండూల్ రైల్లో వెళ్దామని నేనూ మా ఆయనా అనుకుంటున్నాం. ఇద్దరికీ అరవై దాటాయి. "ఆ దారిలో నక్సలైట్లు పట్టాలు పీకేస్తారు, వెళ్లొద్దు" అని చుట్టాలు భయపెడుతున్నారు. నిజంగా అంత ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: వెళ్లవచ్చండి. తేదీ మాత్రం ఒకసారి చూసుకోండి. ఏటా జులై 28 నుంచి ఆగస్టు 3 దాకా మావోయిస్టులు అమరవీరుల వారోత్సవాలు జరుపుతూ వచ్చారు. డిసెంబరు 2 నుంచి 8 వరకు పీఎల్‌జీఏ (వాళ్ల సాయుధ దళం) వారోత్సవాలు. ఆ రెండు వారాల్లోనూ, వాళ్లు బంద్‌కు పిలుపిచ్చిన రోజుల్లోనూ కిరండూల్ రైలును దంతెవాడ దగ్గరో, జగ్‌దల్‌పూర్ దగ్గరో ఆపి, అక్కణ్నుంచే వెనక్కి తిప్పడం రైల్వేకు అలవాటు. అంటే మీరు అనుకుంటున్న వారంలో ప్రాణభయం కన్నా ముందు, రైలు బచేలీ దాకా వెళ్తుందా లేదా అన్నదే ప్రశ్న. ఓ వారం ముందో తర్వాతో వెళ్లగలిగితే ఆ చిక్కే ఉండదు.

చుట్టాలు దారి మొత్తాన్నీ ఒకే గాటన కట్టేశారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా లైను దాదాపు 445 కిలోమీటర్లు. శృంగవరపుకోట, బొర్రా, అరకు, కోరాపుట్, జయపురం మీదుగా జగ్‌దల్‌పూర్ చేరేసరికే ప్రయాణంలో ఎక్కువ భాగం అయిపోతుంది. పట్టాలు తప్పించిన ఘటనలు ఎక్కువగా జరిగింది ఆ తర్వాత, చివరి కొసలో. దంతెవాడ దాటాక కమలూర్, భాన్సీ, బచేలీ, ఆపైన కిరండూల్. ముఖ్యంగా కమలూర్–భాన్సీ మధ్య అడవి. అక్కడ కూడా మావోయిస్టుల గురి చాలావరకు బైలదిలా గనుల ఇనుప ఖనిజం మోసే గూడ్సుల మీదే ఉండేది. అసలు ఈ లైను 1960లలో వేసిందే ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి. ఒక్క గూడ్సు ఆగితే గనికి నష్టం, దేశమంతా వార్త. ప్యాసింజర్ రైలు జోలికి అసలు రాలేదని కాదు గానీ, ఆపి, జనాన్ని దింపి, బ్యానర్లు కట్టి వెళ్లిపోయిన సందర్భాలే ఎక్కువ.

ఇప్పుడు పరిస్థితి ఇంకా మారింది. 2025 మే 21న నారాయణపూర్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, మన శ్రీకాకుళం జిల్లాకు చెందిన నంబాళ్ల కేశవరావు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో ఆ పార్టీ అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో లొంగిపోయారు. ఈ లైను మీద ముప్పు బాగా తగ్గింది. అయినా పత్రికల్లో వచ్చే ఎన్‌కౌంటర్ వార్తలను బట్టి రైలు ప్రయాణాన్ని అంచనా వేయకండి, అది అటూ ఇటూ కూడా తప్పుదారి పట్టిస్తుంది. ఆ సెక్షన్‌లో రైల్వే ఏం చేస్తోందో చూడండి. పోలీసుల సమాచారం ముందుగా అందేది వాళ్లకే. రాత్రి రైళ్లు మామూలుగా తిరుగుతుంటే ఒక లెక్క, గమ్యం కుదించారంటే, అంటే చివరిదాకా పోనివ్వకుండా మధ్యలోనే ఆపేస్తున్నారంటే, ఇంకో లెక్క. దారి బాగుందో లేదో చూడటానికి బండి ముందు పైలట్ ఇంజిన్ నడుపుతున్నారన్నా, వేగం తగ్గించారన్నా అక్కడ ఇంకా జాగ్రత్త పడుతున్నారని అర్థం.

చూడటం కష్టమేం కాదు. ఫోన్లో రైల్వేవారి ఎన్‌టీఈఎస్ యాప్‌లో రద్దయిన రైళ్లు, గమ్యం కుదించినవి, దారి మళ్లించినవి వేర్వేరుగా ఉంటాయి. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు ఒకసారి, ముందురోజు రాత్రి ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి మీ రైలు నంబరు కొట్టి చూడండి. 139కి ఫోన్ చేసినా చెబుతారు. ఆపైన అల్లుడిగారిని ఒక్క మాట అడగండి: గత పది రోజుల్లో రైలు కిరండూల్ దాకా వచ్చిందా అని. ఆ ఊళ్లో ఉన్నవాళ్లకు ఇది తెలియకుండా ఉండదు. వాట్సాప్‌లో తిరిగే పాత ఫొటోలను మాత్రం పట్టించుకోవద్దు, ఏళ్లనాటి పట్టాలు తప్పిన బొమ్మలు ప్రతి జులైలో మళ్లీ తేలతాయి.

వేళ విషయానికి వస్తే, దంతెవాడ–కిరండూల్ ముక్క పగలు దాటే రైలునే ఎంచుకోండి. డ్రైవరుకు రాత్రిపూట హెడ్‌లైట్ వెలుతురు పడినంత మేరే పట్టా కనిపిస్తుంది, వేగంగా వెళ్లే బండి ఆ దూరంలో ఆగదు. పట్టా విరిగితే అందులో పారే సిగ్నల్ కరెంటు తెగి, సిగ్నల్ ఎర్రబడే ఏర్పాటు చాలాచోట్ల ఉంది. కానీ పట్టాను కింది దిమ్మెకు (స్లీపరుకు) బిగించే క్లిప్పులు మాత్రమే ఊడదీస్తే పట్టా అక్కడే ఉంటుంది, కరెంటు పారుతూనే ఉంటుంది, సిగ్నల్‌కు ఏమీ తెలియదు. 2010 మే 28న పశ్చిమ బెంగాల్‌లో జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్‌కు జరిగింది ఇదే. రాత్రి ఒంటిగంట వేళ బండి పట్టాలు తప్పింది, పడిపోయిన పెట్టెలను పక్క లైనులో ఎదురొచ్చిన గూడ్సు గుద్దింది. దాదాపు 150 మంది పోయారు. ఆ తర్వాత చాలాకాలం ఆ సెక్షన్‌లో రాత్రి రైళ్లు ఆపేశారు. పగలైతే కీమన్ (పట్టాలు తనిఖీ చేసే రైల్వే ఉద్యోగి) పట్టా వెంట నడిచి వెళ్తాడు, ఊడిన క్లిప్పు కంటికి కనిపిస్తుంది.

ఇంకో మాట. జులైలో మీ ప్రయాణానికి అడ్డొచ్చేది మావోయిస్టుల కన్నా వానే కావచ్చు. అనంతగిరి, కోరాపుట్ ఘాట్లలో కొండచరియలు, బండరాళ్లు పట్టాల మీద పడి రైళ్లు ఆగుతుంటాయి. అందుకని మందులు రెండు రోజులకు ఎక్కువే పెట్టుకోండి. మంచినీళ్లు, తినుబండారాలు చేతిసంచిలోనే ఉంచుకోండి. రైలు దంతెవాడలో ఆగిపోతే బచేలీ రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్లే. పగలైతే అల్లుడిగారిని బండి పంపమనండి. చీకటి పడితే మాత్రం ఆ రాత్రికి దంతెవాడలోనే ఉండి తెల్లారాక వెళ్లండి.

ప్రశ్న: అడవి మధ్యలో రైలు ఆగిపోతే ఏం చేయాలి? దిగి చూడొచ్చా?
– ఒక పాఠకుడు, పార్వతీపురం

జవాబు: దిగవద్దు. సిగ్నల్ లేక ఆగడమే మామూలు, పది నిమిషాల్లో కదులుతుంది. తలుపు దగ్గర నిలబడకండి, రాత్రయితే షట్టరు దించి లైట్లు తగ్గించండి. కారణం టీటీఈని గానీ, పెట్టెలో ఆర్పీఎఫ్ జవాన్లుంటే వాళ్లను గానీ అడగండి.

ఆయుధాలతో ఎవరైనా ఎక్కి దిగమంటే మారు మాట్లాడకుండా దిగండి. సామాన్ల కోసం వెనక్కి తిరగొద్దు, ఫోన్ పైకెత్తి వీడియో తీయొద్దు. కాల్పులు వినపడితే నేల మీద పడుకోవాలి, కిటికీ పక్కన కూర్చోవడం ప్రమాదం.

పట్టాలు తప్పిన పెట్టెలోంచి బయటపడేటప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది, పక్క లైను. ఆ వైపు దిగితే ఎదురొచ్చే బండి ఉండొచ్చు, వీలైతే రెండో వైపు దిగండి. రెండోది, పైన తెగిన కరెంటు తీగ. ఈ లైనులో తీగలో 25,000 వోల్టులు ఉంటాయి. తీగ నేలను గానీ పెట్టెను గానీ తాకుతుంటే దాని దగ్గరకు పోవద్దు, కరెంటు ఆపేశామని రైల్వేవాళ్లు చెప్పేదాకా ఆగండి. తలుపు బిగుసుకుపోతే అత్యవసర కిటికీ ఉంటుంది. స్లీపర్ పెట్టెలో ఆ కిటికీ ఊచలకు ఎర్రరంగు వేసి ఉంటుంది, ఊచల చట్రం పైకి లేస్తుంది. ఏసీ పెట్టెలో గాజు పగలగొట్టాలి, చిన్న సుత్తి పక్కనే తగిలించి ఉంటుంది. గాజు మధ్యలో కాదు, మూలన కొట్టండి. ఎక్కగానే మీ సీటుకు దగ్గరి అత్యవసర కిటికీ ఎక్కడుందో వెతికి పెట్టుకోండి, చీకట్లో వెతకడం కుదరదు.

ప్రశ్న: రైలు రద్దయినా, మధ్యలో ఆపేసినా డబ్బు ఎలా వస్తుంది? బీమా పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: రైలు పూర్తిగా రద్దయితే ఆన్‌లైన్ టికెట్ డబ్బు దానంతటదే ఖాతాలో పడుతుంది. కౌంటర్ టికెట్ అయితే బయల్దేరాల్సిన తేదీ నుంచి మూడు రోజుల్లోగా కౌంటర్లో ఇచ్చేయాలి. రైలు మూడు గంటలు మించి ఆలస్యమై, మీరు మానుకుంటే మొత్తం డబ్బు వస్తుంది, కానీ ఆన్‌లైన్ టికెట్‌కు రైలు మీ స్టేషన్ వదిలేలోపే టీడీఆర్ (డబ్బు వాపసు కోరే ఆన్‌లైన్ దరఖాస్తు) వేయాలి. చాలామంది ఇక్కడే పోగొట్టుకుంటారు. దారిలో ఆపేస్తే, రైల్వే వేరే ఏర్పాటు చేయలేనప్పుడు మొత్తం ఛార్జీ తిరిగి ఇవ్వాలి. వాళ్లు బస్సు పెట్టినా మీరు ఎక్కకపోతే, ప్రయాణించినంత దూరానికి పట్టుకుని మిగతాది ఇస్తారు.

బీమా తప్పక తీసుకోండి. ఆన్‌లైన్‌లో బుక్ చేసేటప్పుడు మనిషికి 45 పైసలు. మరణిస్తే 10 లక్షలు, ఆసుపత్రి ఖర్చులకు 2 లక్షల వరకు. బుక్ చేశాక ఫోన్‌కు వచ్చే లింకులో నామినీ పేరు నింపాలి. రైలు మధ్యలో ఆగి రైల్వే పెట్టిన బస్సులో వెళ్తే బీమా వర్తిస్తుంది, మీ అంతట మీరు కట్టుకున్న టాక్సీకి వర్తించదు.

బీమా లేకున్నా, టికెట్ ఉన్న ప్రయాణికుడు రైల్లో ప్రమాదంలో గానీ ఉగ్రవాద దాడి, దోపిడీ, కాల్పుల్లో గానీ చనిపోతే రైల్వే చట్టం 124, 124ఎ సెక్షన్ల కింద 8 లక్షల పరిహారం ఉంది. గాయాలకు తీవ్రతను బట్టి ఇస్తారు. రైల్వే క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌లో ఏడాదిలోగా దరఖాస్తు వేయాలి. ప్రమాదం ఎక్కడో ఛత్తీస్‌గఢ్‌లో జరిగినా అక్కడికే వెళ్లనక్కర్లేదు, మీరుండే ప్రాంతం చూసే బెంచిలోనే వేయవచ్చు. టికెట్ వివరాలు, పీఎన్ఆర్ ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు ముందే పంపి ఉంచండి. టికెట్ రుజువు లేక ఆగిపోయే క్లెయిములు చాలా ఉంటాయి.