1.7 మీటర్లకు, 8.7 కిలోపాస్కల్స్‌కు పొంతన

నమస్కారం. హనుమకొండలో తీయించిన ఎలాస్టోగ్రఫీలో (కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే స్కానింగులో) మీ నాన్నగారి కాలేయానికి సెకనుకు 1.7 మీటర్లని, నెల తర్వాత వరంగల్‌లో 8.7 కిలోపాస్కల్స్ అని వచ్చిందని, జబ్బు అయిదింతలు పెరిగిందేమోనని మీరు రాశారు. ఈ అంకెలను బట్టి పెరిగినట్టు కాదు. రెండూ దాదాపు ఒకే కొలత.

శబ్దతరంగం కణజాలంలో ఇంకుతూ దాన్ని కొద్దిగా ముందుకు నెడుతుంది. మామూలు స్కానింగులో ఈ తోపు లెక్కలోకి రానంత స్వల్పం. అయితే శబ్దాన్ని ఒకేచోట కేంద్రీకరించి లిప్తపాటు బలంగా పంపితే ఆ చోటు కొన్ని మైక్రాన్ల మేర కదులుతుంది, ఆ కదలిక అలలాగా పక్కలకు పాకుతుంది, దాని వేగాన్నే యంత్రం కొలుస్తుంది. వదులైన నులక మంచం మీద ఒక కొసన చరిస్తే అదురు నింపాదిగా పోతుంది; బిగించిన మంచం మీద చటుక్కున అవతలికి చేరుతుంది. కాలేయమూ అంతే: ఎంత గట్టిపడితే అల అంత వేగంగా పాకుతుంది.

ఈ వేగాన్ని వర్గం చేసి మూడుతో గుణిస్తే గట్టిదనాన్ని చెప్పే కిలోపాస్కల్స్ వస్తాయి: 1.7 వర్గం 2.89, దానికి మూడింతలు 8.67. రిపోర్టులో ప్రమాణం పేరును చిన్న అక్షరాల్లో వేయడం వల్లనే ఈ భయమంతా.

ఫైబ్రోస్కాన్ అనే మరో రకం ఎలాస్టోగ్రఫీలో మాత్రం తోపు శబ్దానిది కాదు, పక్కటెముకల నడుమ చర్మాన్ని తట్టే చిన్న కడ్డీది. వేర్వేరు యంత్రాల అంకెలు అచ్చంగా సరిపోలవు కాబట్టి, మళ్లీ తీయించేటప్పుడు అదే యంత్రం మీద, కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా తీయించండి. తిన్న వెంటనే కాలేయానికి రక్తప్రవాహం పెరిగి కొలత ఎక్కువగా వస్తుంది. ఈ రెండు రిపోర్టులను, రక్తపరీక్షలను కలిపి మీ వైద్యుడికి చూపించండి.