కడియం కొమ్మలు, కర్నూలు గాలి

చి.సౌ. మేనకోడలికి, అనంతపురం నుంచి మేనత్త దీవించి రాయునది.

కడియం నర్సరీల నుంచి తెచ్చుకున్న ఆరు కొమ్మల్లో అయిదు ఎండిపోయాయని చెబుతూ ఫోనులో నువ్వు దిగాలు పడిపోయావు. నీ చేతి గుణం మంచిది కాదని మీ అత్తగారు అన్నారట కూడా. ఆ మాట పట్టించుకోకు. తప్పు చేతిది కాదు, మీ కర్నూలు గాలిది.

కడియంలో గోదావరి తేమకు కొమ్మ గుచ్చితే చాలు, బతుకుతుంది. మన సీమ ఎండాకాలంలో ఉతికిన చీర అరగంటలో పెళపెళలాడుతుంది. ఇక ఆకు ఏం తట్టుకుంటుంది? కోసిన కొమ్మకు వేరు లేదు కాబట్టి నీరు తాగలేదు, ఆకులేమో ఉన్న నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంటాయి. వాడిందని నువ్వు కుండీ నిండా నీళ్లు పోశావు. పైన ఎండింది, కింద కుళ్లింది. తడి ఉండాల్సింది ఆకు చుట్టూ ఉన్న గాలిలో.

దానికి గ్రీన్‌హౌస్ అక్కరలేదు. 1829 ప్రాంతంలో లండన్ వైద్యుడు నాథనియల్ వార్డ్ ఒక పురుగు గూటిని తడి మట్టిలో పెట్టి సీసా మూసేస్తే, అందులో ఫెర్న్ మొక్క తనంతట తానే మొలిచింది. తర్వాత ఆ తరహా గాజు పెట్టెల్లోనే చైనా తేయాకు మొక్కలు ఓడలెక్కి మన దేశానికి వచ్చాయి. నీకు గాజు పెట్టె కూడా వద్దు. రెండు లీటర్ల నీళ్ల సీసా అడుగు కోసేసి, మూత బిగించి, కొమ్మ మీద బోర్లించు.

కొమ్మ నాటే కప్పు పారదర్శకంగా ఉండాలి, అడుగున రంధ్రాలుండాలి. కొబ్బరి పొట్టు సగం, ముతక ఇసుక సగం కలుపు. పొట్టులో ఉప్పు ఉంటుంది, రెండు మూడు నీళ్లలో కడుగు. పిడికిట పట్టి నొక్కితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. బోరు నీళ్లలో లవణాలెక్కువ; వాన నీళ్లో, ఫిల్టరు నీళ్లో వాడు.

మనీ ప్లాంట్, మాన్‌స్టెరా (చీలికల పెద్ద ఆకులుండే తీగ) ముక్కకు కణుపు తప్పనిసరి. వట్టి ఆకును నీళ్లలో పెడితే నెలల తరబడి పచ్చగా ఉండి మోసం చేస్తుంది, చిగురు మాత్రం వేయదు. క్రోటన్ కోస్తే పాలు కారతాయి. కారడం ఆగేదాకా నీళ్లలో ఉంచి నాటు, చేతులు కడుక్కో. దాని పెద్ద ఆకులను అడ్డంగా సగానికి కత్తిరించు. చూడ్డానికి బాగుండదు, కానీ ఆవిరయ్యే నీరు తగ్గుతుంది.

పొద్దున్నే సీసా లోపలి గోడ చూడు. సన్నటి మంచులాంటి తేమ పట్టి ఉంటే సరే. బొట్లు జారుతుంటే అరగంట మూత తీసిపెట్టు. అసలేమీ లేకపోతే కాస్త నీళ్లు చల్లు. వెలుతురు బాగా కావాలి, నేరుగా ఎండ మాత్రం పడకూడదు. ఒకసారి నేను తూర్పు కిటికీ అంచున పెట్టి బ్యాంకుకు వెళ్లొచ్చేసరికి మందారం కొమ్మలు ఉడికిన తోటకూరలా వాలిపోయాయి.

మనీ ప్లాంట్‌కు రెండు మూడు వారాల్లో వేర్లు కనిపిస్తాయి. క్రోటన్‌కు నెల దాటవచ్చు, ఓపిక పట్టు. పీకి చూడకు! కప్పు గోడకు తెల్లటి దారాల్లా వేర్లు ఆనుతాయి, అవే చెబుతాయి. అప్పుడు కూడా సీసాను ఒక్కసారిగా తీసేయకు. మొదటి రోజు గంటసేపు, మర్నాడు రెండు గంటలు, అలా పది రోజులపాటు బయటి గాలి అలవాటు చెయ్యి. వేర్లు వచ్చిన మొక్కలు ఎక్కువగా చచ్చేది ఇక్కడే. నావి చాలా పోయాయి.

మే నెలలో ఈ పని పెట్టుకోకు. జూలై వానలు పడ్డాక మొదలుపెట్టు, తర్వాత డిసెంబరు చలిలో వేరు నెమ్మదిస్తుంది. ఆ మిగిలిన ఆరో కొమ్మకు మాత్రం ఈ రోజే సీసా బోర్లించు. అది మాన్‌స్టెరా అయితే, వేర్లు వచ్చి పెరిగాక ఒక కణుపు నాకు. దసరాకు వచ్చేటప్పుడు తడి గుడ్డలో చుట్టి తీసుకురా, బస్సులో కిటికీ పక్కన పెట్టకు.

నీ మేనత్త