బేస్‌బాల్ అరిజోనా ఫాల్ లీగ్‌లో పిచ్చర్ ఈఆర్ఏ 7 దాటితే ఆ కుర్రాడి పని అయిపోయినట్టేనా?

మీరిచ్చిన లెక్క ఇదీ: 22 ఏళ్ళ స్టార్టర్ (ఆట మొదలుపెట్టే పిచ్చర్), మేజర్ లీగ్‌కు రెండు మెట్ల కింద ఉండే డబుల్-ఏ నుంచి వచ్చాడు. నాలుగు ఆటల్లో 11 ఇన్నింగ్స్ (ఒక్కోదానికి మూడు ఔట్లు) వేశాడు. 9 ఎర్న్‌డ్ రన్స్ (ఫీల్డర్ల తప్పిదం లేకుండా వచ్చిన పరుగులు) ఇచ్చి, 15 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్ ఔట్), 4 వాకులు (నాలుగు బాల్స్‌తో బ్యాటర్‌కు ఊరికే మొదటి బేస్) చేశాడు. ఈఆర్ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన ఎర్న్‌డ్ రన్స్, 7.36. ఈ లెక్కతో వాడిని వదిలేసుకోవచ్చా అని మీ ప్రశ్న.

వదిలేసుకోవద్దు. ఈ లీగ్‌లో ఈఆర్ఏ అన్నిటికంటే చివర చూడాల్సిన అంకె. అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది వాణ్ణి అక్కడికి ఎందుకు పంపారన్నది. అది తెలియకపోతే మిగతా అంకెలు ఏవీ సరిగ్గా అర్థం కావు.

ఈ లీగ్ 1992లో మొదలైంది. ఆరు జట్లు: గ్లెండేల్ డెజర్ట్ డాగ్స్, మెసా సోలార్ సాక్స్, పియోరియా జావెలీనాస్, సాల్ట్ రివర్ రాఫ్టర్స్, స్కాట్స్‌డేల్ స్కార్పియన్స్, సర్‌ప్రైజ్ సగువారోస్. మేజర్ లీగ్‌లో ఉన్న 30 సంస్థలూ (క్లబ్బులు) తమ కుర్రాళ్ళను పంపుతాయి. ఒక్కో ఫాల్ లీగ్ జట్టులో ఐదు సంస్థల వాళ్ళు కలిసి ఆడతారు. అక్టోబరు మొదట్లో మొదలై నవంబరు మధ్యకల్లా ముగుస్తుంది, ఒక్కో జట్టుకు ముప్పై ఆటలు అటూ ఇటూగా. గెలుపు ఇక్కడ ఎవరికీ పెద్ద పట్టింపు కాదు. పిచ్చర్ ఎన్ని బంతులు వెయ్యాలి, ఏ రోజు వెయ్యాలి, ఏ పిచ్ (బంతి వేసే రకం) మీద పని చెయ్యాలి అన్నది సొంత సంస్థ ముందే రాసి పంపుతుంది. అక్కడి మేనేజర్ ఆ కాగితం దాటి వెళ్ళడు.

ఇప్పుడు ఎందుకు పంపుతారన్న సంగతికి వస్తాను. ఆరోగ్యంగా ఉండి, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా 110, 120 ఇన్నింగ్స్ వేసిన మంచి స్టార్టర్‌ని ఏ సంస్థా అక్టోబరులో మళ్ళీ మౌండ్ (పిచ్చర్ నిలబడి బంతి వేసే దిబ్బ) ఎక్కించదు. వాడి చెయ్యికి విశ్రాంతి కావాలి. అందుకే ఇక్కడికొచ్చే పిచ్చర్లలో ఎక్కువమంది గాయం వల్ల సీజన్‌లో సగం పోగొట్టుకుని ఇన్నింగ్స్ పూడ్చుకోవడానికి వచ్చినవాళ్ళు. కొత్త పిచ్ నేర్చుకుంటున్నవాళ్ళు, స్టార్టర్ నుంచి రిలీవర్‌గా (ఆట మధ్యలో దిగే పిచ్చర్‌గా) మారుతున్నవాళ్ళు కొందరు. ఇంకొందరి విషయంలో సంస్థ నవంబరులో ఒక నిర్ణయం తీసుకోవాలి: మేజర్ లీగ్ జట్టు 40 మంది జాబితాలో చేర్చి కాపాడుకోవాలా, లేక డిసెంబరు రూల్ 5 డ్రాఫ్ట్‌లో వేరే వాళ్ళు ఎగరేసుకుపోయే ప్రమాదానికి వదిలెయ్యాలా అని. బ్యాటర్ల సంగతి దీనికి పూర్తిగా వేరు. వాళ్ళకు అలసట బెడద తక్కువ కాబట్టి సంస్థలు నిజంగానే తమ మేటి కుర్రాళ్ళను పంపుతాయి. 2011లో నోలన్ అరెనాడో, 2013లో క్రిస్ బ్రయంట్, 2017లో రొనాల్డ్ అకూన్యా ఈ లీగ్ ఎమ్‌వీపీలు (ఆ ఏటి మేటి ఆటగాళ్ళు). అంటే ఒకవైపు మేటి బ్యాటర్లు, ఎదురుగా సగం కోలుకున్న చేతులు. ఈ పొంతన లేని పోటీలో ఈఆర్ఏలు ఉబ్బిపోవడంలో వింతేమీ లేదు.

దానికి తోడు ఈ లీగ్ జరిగే ఫీనిక్స్ గాలి. ఊరు సముద్రమట్టానికి దాదాపు 1,100 అడుగుల ఎత్తున, ఎడారిలో ఉంది. వేడికి గాలి పలచబడి, కొట్టిన బంతి కాస్త దూరం ఎక్కువ పోతుంది, కర్వ్‌బాల్ కాస్త తక్కువ వంగుతుంది. నాకు ఇంకా ముఖ్యంగా అనిపించేది పట్టు. ఆ పొడి గాలికి వేళ్ళమీద చెమట నిలవదు, బంతి జారుతుంది. తేమ ఉన్న తూర్పు తీరంలో ఏడాదంతా స్లైడర్ (చివర్లో పక్కకు జారే పిచ్) వేసిన కుర్రాడు ఇక్కడ మొదటి రెండు వారాలు అదే స్లైడర్‌ను నడుము ఎత్తున వేలాడదీస్తాడు, అది కంచె దాటి హోమర్ అవుతుంది. వేళ్ళు రోజిన్ సంచీకి (పట్టు కోసం చేతికి రాసుకునే పొడి) అలవాటు పడ్డాక సర్దుకుంటుంది. అందుకే మొదటి రెండు ఆటల హోమర్లు, చివరి రెండు ఆటల హోమర్లు విడదీసి చూడండి.

ఫీల్డింగ్ కూడా అంతంతమాత్రమే. షార్ట్‌స్టాప్ కుర్రాణ్ణి థర్డ్ బేస్‌లో, సెకండ్ బేస్ వాణ్ణి ఔట్‌ఫీల్డ్‌లో నిలబెట్టి అలవాటు చేస్తుంటారు. వాడు రెండు అడుగులు ఆలస్యంగా కదిలితే అందాల్సిన బంతి అందదు. స్కోరర్ దాన్ని తప్పిదంగా రాయడు, హిట్‌గానే (బ్యాటర్ కొట్టి సాధించిన బేస్‌గానే) రాస్తాడు, భారం పిచ్చర్ మీదే పడుతుంది. క్యాచర్ చాలాసార్లు వేరే సంస్థవాడు, ఈ పిచ్చర్‌ని అక్టోబరులోనే మొదటిసారి చూస్తాడు. ఇంకో చిక్కు బంతుల పరిమితి. స్టార్టర్‌కు సాధారణంగా మూడు నాలుగు ఇన్నింగ్స్ మించి ఇవ్వరు. ఇన్నింగ్స్ మధ్యలో పరిమితి అయిపోతే బేసుల మీద ఇద్దర్ని వదిలి దిగిపోవాల్సిందే. తర్వాత వచ్చిన రిలీవర్ వాళ్ళిద్దర్నీ హోమ్ ప్లేట్‌కు రానిస్తే ఆ రెండు పరుగులూ దిగిపోయినవాడి ఖాతాలోనే పడతాయి.

ఇక మీ కుర్రాడి అంకెలు విప్పుదాం. ఇన్నింగ్స్ అంకెలో పాయింట్ తర్వాత వచ్చేది దశాంశం కాదు, క్రికెట్‌లో ఓవర్లు రాసే పద్ధతే. 1.2 అంటే ఒక ఇన్నింగ్స్, మీద రెండు ఔట్లు. దాన్ని 1.67గా మార్చాకే క్యాల్‌క్యులేటర్‌లో వెయ్యాలి. ఆటల వారీగా మీరు పంపిన లెక్కలో రెండో ఆట 1.2 ఇన్నింగ్స్, 6 పరుగులు. మిగతా మూడింట్లో కలిపి 9.1 ఇన్నింగ్స్, 3 పరుగులు, అంటే ఈఆర్ఏ 2.89. ఆ చెడ్డ ఆటను లెక్కలోంచి తీసెయ్యమని నేననను, అదీ వాడు వేసిందే. 11 ఇన్నింగ్స్‌లో ఒక్క సాయంత్రం ఎంత బరువు తూగుతుందో చూడమంటున్నాను.

ఎదుర్కొన్న బ్యాటర్లు 52 మంది. 15 స్ట్రైకౌట్లంటే దాదాపు 29 శాతం, 4 వాకులంటే 8 శాతం లోపు. మేజర్ లీగ్ సగటు స్ట్రైకౌట్లలో 22-23 శాతం, వాకుల్లో 8-8.5 శాతం ప్రాంతంలో ఉంటుంది. ఒకదాన్లోంచి ఇంకోటి తీసేస్తే మీవాడికి 21, అక్కడి సగటు 14. మిగిలిన 33 మంది బంతిని ఆటలోకి కొట్టారు. అందులో రెండు హోమర్లు, అవి కాక 13 హిట్లు. హోమర్లు పోను 31 బంతుల్లో 13, అంటే .419. మేజర్ లీగ్‌లో మామూలుగా ఇది .290-.300 మధ్య ఉంటుంది. ఆ పదమూడింట్లో మూడు బంతులు ఎవరో ఒకరి గ్లవ్‌లో పడి ఉంటే .323కి దిగేది, ఈఆర్ఏ ముఖమే మారిపోయేది. ఇన్ని బంతులతో ఆ అంకె దేన్నీ నిరూపించదు. అది నిలకడ పడాలంటే వేల బంతులు కావాలి. స్ట్రైకౌట్ శాతానికి 70 మంది బ్యాటర్లు చాలు, వాకుల శాతానికి 170 మంది కావాలి. అంటే ఫాల్ లీగ్ ముగిసేసరికి స్ట్రైకౌట్లను కొంచెం నమ్మవచ్చు, వాకులను సగం నమ్మవచ్చు, ఈఆర్ఏను అసలు నమ్మకూడదు.

దీనికి పాత ఉదాహరణ పిచ్చర్ స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్. 2009లో ఇదే లీగ్‌లో ఐదు ఆటలు, నాలుగు గెలుపులు, ఒక ఓటమి, ఈఆర్ఏ 4.26. తర్వాతి జూన్‌లో మేజర్ లీగ్ మొదటి ఆటలోనే 14 మందిని స్ట్రైకౌట్ చేశాడు.

మన వాళ్ళకు ఇంకా దగ్గరగా అనిపించేది పిచ్చర్ కుమార్ రాకర్. తల్లి లలిత భారతీయ సంతతి. భుజానికి శస్త్రచికిత్స అయ్యాక 2022లో టెక్సస్ రేంజర్స్ కొత్త ఆటగాళ్ళ డ్రాఫ్ట్‌లో మూడో నంబరుగా తీసుకుని, ఆ అక్టోబరులో సర్‌ప్రైజ్‌కు పంపారు. 14 ఇన్నింగ్స్, ఈఆర్ఏ 4.50, 18 స్ట్రైకౌట్లు, 12 వాకులు. ఆ 4.50 చూసి ఫర్వాలేదు అనుకున్నవాళ్ళు చదవాల్సింది చదవలేదు. అక్కడ నిజంగా కబురు చెప్పింది ఆ 12 వాకులు: బంతి ఎక్కడికి పోతోందో చెయ్యికి ఇంకా తెలియడం లేదని. 2023 మేలో మోచేతికి టామీ జాన్ శస్త్రచికిత్స అయింది. తిరిగొచ్చాక వాకులు బాగా తగ్గాయి. 2024 సెప్టెంబరులో మేజర్ లీగ్ మొదటి ఆటలో నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగుర్ని స్ట్రైకౌట్ చేశాడు.

మీరు ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లోనే ఉంటున్నారు కాబట్టి వెళ్ళి చూడటం తేలిక. ఆరు మైదానాలూ ఫీనిక్స్ చుట్టుపక్కల ఊళ్ళవే. మీకు దగ్గర మెసాలోని స్లోన్ పార్క్. జనం పల్చగా ఉంటారు కాబట్టి హోమ్ ప్లేట్ వెనక సీటు దొరుకుతుంది, రాడార్ గన్‌లు పట్టుకున్న స్కౌట్లు (కుర్రాళ్ళను అంచనా వేసే సంస్థల మనుషులు) కూర్చునే చోటూ అదే. పక్కనుంచి చూస్తే ఎత్తు తెలుస్తుంది గానీ బంతి లోపలికి వంగిందా బయటికి వంగిందా తెలియదు.

ఒక కాగితం, పెన్సిల్ తీసుకెళ్ళండి. బ్యాటర్‌కొక వరస. ముందు గడిలో మొదటి బంతి స్ట్రైక్ అయితే అడ్డగీత, బాల్ అయితే సున్న. తర్వాత ఊపి తప్పిన ప్రతి స్వింగ్‌కూ ఆ పిచ్ మొదటి అక్షరం: ఫాస్ట్‌బాల్‌కు ఫా, స్లైడర్‌కు స్లై, చేంజప్‌కు (ఫాస్ట్‌బాల్‌లా కనిపించి నెమ్మదిగా వచ్చే పిచ్) చే. మూడు బాల్స్ దాకా వెళ్తే చివర ఒక చుక్క. మూడు ఇన్నింగ్స్ అయ్యేసరికి పన్నెండు పదిహేను వరసలు వస్తాయి. అడ్డగీతలు పదికి ఆరు ఉంటే మేజర్ లీగ్ సగటుతో సమానం. ‘ఫా’లు ఒక్కటీ లేకుండా అన్నీ ‘స్లై’లే ఉంటే జాగ్రత్త పడాలి. డబుల్-ఏ స్థాయి వరకు మంచి స్లైడర్ ఒక్కటే బండి లాగుతుంది, పైకి వెళ్ళాక బ్యాటర్లు దాన్ని వదిలేసి ఫాస్ట్‌బాల్ కోసం కాచుకుంటారు.

స్కోర్‌బోర్డు మీద వేగం చూపిస్తే మొదటి ఇన్నింగ్స్, మూడో ఇన్నింగ్స్ అంకెలు రాసుకోండి. గంటకు 96 మైళ్ళ నుంచి 95కు దిగితే మామూలే. 96 నుంచి 92కు పడితే వాడు స్టార్టర్‌గా నిలబడడు, లేదా చెయ్యి ఇంకా తయారు కాలేదు. చేంజప్ వేసేటప్పుడు చెయ్యి నెమ్మదిస్తోందా గమనించండి, బ్యాటర్లు దాన్ని వెంటనే పసిగడతారు. కుడిచేతి పిచ్చర్ బంతులు పదే పదే పైకి, కుడిచేతి బ్యాటర్ వైపు పోతుంటే ముందు భుజం తొందరగా తెరుచుకుని చెయ్యి వెనకబడుతోందని అర్థం. ఇది అలసటలో ముందు కనిపించే లక్షణం. బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు, కాలు కదలడం దగ్గర్నుంచి క్యాచర్ గ్లవ్‌లో బంతి పడేదాకా ఫోన్ స్టాప్‌వాచ్‌తో కొలవండి. 1.3 సెకన్లు బావుంది, 1.5 దాటితే బేస్ దొంగతనాలు (బంతి వేస్తుండగా రన్నర్ తర్వాతి బేస్‌కు పరుగెత్తడం) తప్పవు.

ఆ ఏడాది లీగ్‌లో ఏ నియమం పరీక్షిస్తున్నారో కూడా కనుక్కోండి. 2014లో పిచ్ క్లాక్‌ను (బంతి వెయ్యడానికి సమయ పరిమితి) ఇక్కడే ప్రయత్నించారు. 2019లో సాల్ట్ రివర్ ఫీల్డ్స్ మైదానంలో స్ట్రైక్ జోన్‌ను (స్ట్రైకా, బాలా అన్న తీర్పును) యంత్రానికి అప్పగించారు. మామూలు అంపైర్ బాల్ అనే లోతు కర్వ్‌బాల్ జోన్ అడుగు అంచుకు తగిలితే చాలు, యంత్రం స్ట్రైక్ అంటుంది. అప్పుడు కర్వ్‌బాల్ వేసేవాడి వాకులు, స్ట్రైకౌట్లు రెండూ మారిపోతాయి.

డొమినికన్, వెనిజువెలా వింటర్ లీగులతో దీన్ని పోల్చకండి. అక్కడ గెలుపే ముఖ్యం. కుర్రాడు ఇద్దర్ని వాక్ చేస్తే మేనేజర్ బంతి లాక్కుంటాడు, కాబట్టి అక్కడి ఈఆర్ఏలో వాడు చిక్కుల్లోంచి బయటపడటం కనిపించదు. ఆస్ట్రేలియా లీగ్ ఇంకో రకం, స్థాయి తక్కువైనా ఇన్నింగ్స్ దొరుకుతాయి. అప్పట్లో పైరేట్స్ సంస్థలో ఉన్న మన రింకూ సింగ్ (క్రికెటర్ కాదు, బేస్‌బాల్ పిచ్చర్) 2011-12లో క్యాన్‌బెరా క్యావల్రీకి వేసింది అక్కడే.

మీవాడి విషయంలో నాకు తెలియాల్సినవి రెండు మిగిలాయి. రెండో ఆటలో వేగం పడిపోయిందా, లేక వేగం అలాగే ఉండి స్లైడర్ వేలాడిందా? వేగం నిలిచి ఉంటే నాకే బెంగా లేదు, 21 శాతం తేడా ఉన్న పిచ్చర్‌ని నేనైతే ఉంచుకుంటాను. పడిపోయి ఉంటే మూడు, నాలుగు ఆటల్లో తిరిగొచ్చిందో లేదో చూడండి. రెండోది, ఈ ఏడాది మొత్తం ఎన్ని ఇన్నింగ్స్ వేశాడు? 40 లోపైతే పూడ్చుకోవడానికి వచ్చినవాడు. 100 దాటి ఉంటే సంస్థకు వేరే ప్రశ్న ఏదో ఉంది, బహుశా 40 మంది జాబితాదే. దాని గడువు లీగ్ అయిపోయిన కొద్ది రోజులకే వస్తుంది, ఆ జాబితాలో పేరు ఉందో లేదో చూసుకోండి. ఈ రెండు వివరాలూ కింద రాస్తే మిగతాది చెప్తాను.